తమ్ముడికొచ్చి అక్కకు రాని జబ్బు

వీధిలో అందరికీ ఆమె కాజాలత్త. బొత్తాలు పట్టే కాజాలను చేత్తో కుట్టడంలో ఆమెకు సాటి లేరు. మిషన్లు వచ్చాక కూడా పేరున్న దర్జీలు కోట్లు పట్టుకొని ఆమె గుమ్మంలో పడిగాపులు కాసేవారు. "రేపిస్తానన్నాను, నిజమే. ఏ రేపో చెప్పానా?" అని ఎదురు దబాయించేది మహాతల్లి!

ఆమె మనసెప్పుడూ తమ్ముడితో ఒకే బల్లకు చెరోపక్క కూర్చుని పనిచేసిన రోజుల దగ్గరే తిరుగుతుంది. అతనికి సూదిలోకి దారం ఎక్కించడం చచ్చినా వచ్చేది కాదు. ఆమే కొసను పెదాల మధ్య తడిపి ఎక్కించి, సూదులన్నీ వరుసగా గుచ్చి అతని ముందు పెట్టేది. కుట్టయ్యాక అతను దారాన్ని పళ్ళతో కొరికేవాడు.

"కత్తెరున్నది అలంకారానికట్రా?"

"నీ నోరుండగా వేరే కత్తెరెందుకక్కా!" అని పకపకా నవ్వేవాడు. ఆ నవ్వుకి పనంతా దూదిపింజలా తేలిపోయేది.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుని పది రోజుల్లో తగ్గింది. నెల తిరక్కుండా తమ్ముడు దగ్గడం మొదలుపెట్టాడు. మామూలు దగ్గేలెమ్మని ఏడాది నాన్చారు. తీరా క్షయ అని తేలేసరికి చేయి దాటిపోయింది. అతను పోయేనాటికి కూతురికి రెండేళ్ళు.

తన దగ్గే అంటుకుందనీ, తన ఎంగిలి దారమే తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుందనీ కాజాలత్త తీర్మానించేసుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు. ఆ జబ్బు తన ఛాతీలో ఇంకా నక్కి ఉందని ఒకటే హడలు. మేనకోడలికి గౌన్లన్నీ తానే కుట్టింది, చదివించింది, కానీ ఒక్కసారీ దగ్గరకు తీసుకోలేదు. పిల్ల చేతులు చాచి వస్తే, "దూరం దూరం! సూదులున్నాయి!" అని కసిరేది. కసిరి, వంటగదిలోకి పోయి ఏడ్చేది.

ముప్పై ఆరేళ్ళు గడిచాయి. ఒకే ఇంట్లో ఒకరికి క్షయ వచ్చి మరొకరికి ఎందుకు రాదో పరిశీలిస్తున్న డాక్టరమ్మ దగ్గరకు మేనకోడలే ఆమెను బలవంతాన తీసుకెళ్ళింది. రక్తం తీశారు, ఛాతీ ఫొటో తీశారు.

"మీ ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చయినా లేదమ్మా. రక్తంలోనూ ఆ క్రిమి జాడ లేదు," అంది డాక్టరమ్మ.

"మరి నేను తడిపిచ్చిన ఎంగిలి దారం? వాడికంటే ముందు నాకొచ్చిన దగ్గు?"

"క్షయ దారంతో రాదు, జబ్బున్నవాళ్ళు దగ్గిన గాలితో వస్తుంది. మీకప్పుడొచ్చింది ఉత్త జలుబు దగ్గు అయ్యుంటుంది. నిజానికి అతని ఎదురుగానే ఏడాది కూర్చుని గాలి పీల్చింది మీరు. ఒక తల్లి పిల్లలైనా అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువులు అందరికీ ఒకేలా రావు. వాటిలోని చిన్న చిన్న తేడాల వల్ల కొందరి ఒంట్లో ఆ క్రిమి నిలదొక్కుకోలేదు. ఏ తేడా మిమ్మల్ని కాపాడిందో ఇంకా వెతుకుతున్నాం. మీవల్ల మాత్రం అతనికి రాలేదమ్మా."

బయట బల్ల మీద కూలబడి కాజాలత్త మొత్తం చెప్పేసింది. మేనకోడలు ఆమెకు ఎదురుగా తిరిగింది.

"నేనంటే నీకు అసహ్యం అనుకున్నానత్తా. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

"ఓసి పిచ్చితల్లీ!"

పదిమందీ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, ఆమె మేనకోడలి తలను ఒళ్ళోకి లాక్కుంది. జుట్టు నిమురుతుంటే వేళ్ళకు తెల్లవెంట్రుకలు తగిలాయి.