షుగరుకు లేని ఉపవాసం

సర్కారు దవాఖానలో హెచ్ఐవి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైన కొత్తలో జరిగిందిది. నాంపల్లి స్టేషన్ వెనక మా క్రైస్తవ సంఘంలో నేను పిల్లలకు ఆదివారం బడి చెప్పేదాన్ని. మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక చెల్లి అబిడ్స్‌లో చీరలకు ఫాల్స్ కుట్టేది. భర్తను ఆ జబ్బే తీసుకుపోయింది. ఆమెకూ ఉందని సంఘమంతటికీ తెలుసు. మనిషి పుల్లలా అయిపోయింది. "ఇంకా బరువు తగ్గితే మందులిచ్చినా నిన్ను కాపాడలేం, కడుపునిండా తిను" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంతలో ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమకాలం వచ్చింది. మా సంఘ పెద్ద ఆమెను అందరి ముందూ నిలబెట్టి, "స్వస్థత కావాలంటే పొద్దుగూకేదాకా ఉపవాసముండమ్మా" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆమె ఉంది. ఖాళీ కడుపున మందులు పడక వాంతులు. కొన్నాళ్లకు చర్చి మెట్లు కూడా ఎక్కలేకపోయింది.

"తింటే విశ్వాసం లేదంటరు. తినకుంటే పాణం పోయేటట్టున్నది. ఏం జెయ్యాలె అక్కా?" అంది.

నాకు ఒళ్లు మండింది. నేరుగా పెద్ద దగ్గరికి వెళ్లాను. అప్పుడాయన ఇడ్లీ తింటున్నారు.

"మీకు ఉపవాసం లేదా అయ్యా?"

"షుగరు కదమ్మా. వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి."

"ఆమెకూ తిరుగుతున్నాయి."

"అది వేరు. ఆమె పశ్చాత్తాపపడాలి."

భర్త తెచ్చిన జబ్బుకు ఆమె పశ్చాత్తాపపడాలట! ఆయనది రోగం, ఆమెది శిక్ష. బైబిల్లో, చనిపోయిన చిన్నపిల్లను బతికించిన ప్రభువు వెంటనే ఆ పిల్లకు తినడానికి పెట్టమన్నాడు. ఆ మాట మీద ఈయన ఎన్ని ప్రసంగాలు చేశారో! ఒక్కటీ ఆయన చెవిన పడలేదు.

మర్నాటి నుంచి అన్నం, పప్పు, గుడ్ల కూర కట్టుకుని అబిడ్స్ వెళ్లాను. మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, "దేవునికి కోపమొస్తదా అక్కా?" అని అడిగింది. ఆ భయం దేవుడు పెట్టింది కాదు, మేం పెట్టింది. "షుగరని అయ్యగారూ తింటున్నారు. ముందు తిను, ప్రార్థన తర్వాత చేద్దాం" అన్నాను. మందులు పడ్డాయి. వానాకాలానికి ముఖం తేరుకుంది.

అప్పుడు ఆరాధనలో పెద్ద లేచి, మన ఉపవాస ప్రార్థనలే ఈ చెల్లిని నిలబెట్టాయని సాక్ష్యం చెప్పారు. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచింది.

"అయ్యా, మీరు తిన్నరు, నేను తిన్న. దేవుడు ఇద్దర్నీ బతికిచ్చిండు."

"కూర్చోమ్మా" అన్నారాయన.

ఆమె కూర్చోలేదు.