గడువున్న వాటా

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పద్దులు రాసే ఆమెను అందరూ పద్దక్క అనేవారు. లెక్కల గది ఆమెది, ఫ్యాక్టరీ ఆమె అక్క మొగుడిది. ఫ్యాక్టరీ మునిగిపోతున్న రోజుల్లో తనకున్న ఒక్క ఫ్లాటూ అమ్మి ఆ డబ్బు బావ చేతిలో పోసింది. అతను వాటా పత్రాలిచ్చాడు. వాటికి ఓటు లేదు. లాభం వచ్చినా రాకున్నా ఏటా ఇంతని ఇవ్వాలి, గడువు నాటికి అసలు తిరిగిచ్చి తీరాలి. ఆ గడువు బావే పట్టుబట్టి రాయించాడు. "మరదలు కలకాలం నా నెత్తిన కూర్చుంటే ఎలాగండీ? టైము కాగానే లెక్క తేల్చి పంపించెయ్యాలి" అని లాయరుతో అంటుండగా ఆమె విన్నది.

ఫ్యాక్టరీ తేరుకుంది. ఓసారి ఆమె వాటాదారుల మీటింగుకు ఫైళ్లు తెచ్చి, ఖాళీ కుర్చీ లాక్కోబోయింది.

"ఓటు లేనోళ్లకి సీటెందుకమ్మా? అవక్కడ పడేసి టీ పంపించు" అన్నాడు బావ. అతని తమ్ముళ్లు పగలబడి నవ్వారు. ఆమె టీ పంపించింది. ఆ నవ్వు మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కొత్త యంత్రానికి బ్యాంకు అప్పు కావలసివచ్చింది. సొంత పెట్టుబడి ఎక్కువగా, అప్పులు తక్కువగా ఉంటేనే ఇస్తామన్నారు. మరదలి డబ్బు ఎప్పటిలాగే పెట్టుబడి కింద ఉంటుందని బావ ధీమా. కానీ ఆ ఏటినుంచే కంపెనీకి కొత్త లెక్కల ప్రమాణాలు వర్తిస్తాయి. అవి కాగితం మీది పేరు చూడవు. ఆ డబ్బు తిరిగి ఇవ్వకుండా కంపెనీ తప్పించుకోగలదా అని చూస్తాయి. తప్పించుకోలేకపోతే అది అప్పే. ఏడాది ముగిసేలోగా అసలూ, ఏటా ఇచ్చేదీ కంపెనీ ఇష్టానికి వదిలేస్తూ షరతులు మార్చుకుంటే గండం గడిచేది. ఆమె ఒక్క ముక్క చెబితే చాలు. చెప్పలేదు. ఆ నెలంతా ఆమెకు అన్నం మహా రుచించింది.

ఏడాది ముగిసింది. ఆమె రాసిన లెక్కలకు ఆడిటరు సరేనన్నాడు. బావ ఊగిపోతూ వచ్చాడు.

"వాటా అని అంత లావున రాసుంటే అప్పులో పడేస్తావా?"

"పిల్లికి పులి అని పేరు పెడితే గాండ్రిస్తుందా బావగారూ? ఇచ్చి తీరాలని రాయించింది మీరేగా."

"అయితే ఆ ముక్క ఇప్పుడే కొట్టేద్దాం. సంతకం పెట్టు."

"పెట్టినా వచ్చే ఏడాది లెక్కలోకే. ముగిసిపోయిన ఏడాదికి తలుపు మూసుకుపోయింది."

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"ఓటు లేనిదాన్ని. నన్నెవరడిగారు?"

బ్యాంకు కాదంది. యంత్రానికిచ్చిన బయానా నీళ్లపాలైంది. అక్క మొట్టమొదటిసారి లెక్కల గదికి వచ్చింది.

"ఆయనకి నిద్ర లేదే. ఆ సంతకమేదో పెట్టు తల్లీ, వచ్చే ఏడన్నా ఒడ్డున పడతాం."

"గడువుకి నా డబ్బు నాక్కావాలక్కా."

"వెనక షెడ్డు అమ్ముకోవాల్సొస్తుంది."

"అమ్ముకోమను."

అక్క తలుపు వేయకుండానే వెళ్లిపోయింది. మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

గడువు రోజున, షెడ్డు అమ్మిన సొమ్ముకు బావే చెక్కు తెచ్చి బల్ల మీద విసిరాడు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. అంకెలు చూసింది, అక్షరాలు చూసింది, సంతకం చూసింది. తర్వాత చెక్కును ఒక్క వేలితో అతని వైపు నెట్టింది.

"అంకెల్లో కొట్టివేత ఉంది. బ్యాంకు వాళ్లు ఒప్పుకోరు. కొత్తది రాసి పట్టుకురండి."