కాంతమ్మగారు నమ్మిన అబద్ధం

మొన్న నోయిడాలో మా అమ్మాయి వాళ్ళింట్లో మనవడి డైపర్ల ప్యాకెట్టు చింపుతుంటే పౌడర్ వాసన గుప్పుమంది. అంతే, కాంతమ్మగారు గుర్తొచ్చారు. పసివాడి సామాను చూసి అరవైకి దగ్గరపడిన ఒక నర్సు గుర్తుకు రావడమేమిటని మా అమ్మాయి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మెట్రో కోసం ఢిల్లీ అంతా తవ్విపోస్తున్న రోజులవి. నేనొక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసర్ని. అమ్మాయి ఇంటర్ చదువు కోసం మా ఆవిడ సుగుణ రాజమండ్రిలో ఉండిపోయింది, అక్కడే స్కూల్లో టీచరు. ఆర్.కె.పురం క్వార్టర్లో నేనొక్కడినే. యాభై నాలుగో ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ఆరు వారాల్లో ఆపరేషన్ అన్నారు డాక్టరు. ఈలోగా ఆస్పత్రి వరండా చివరి గదిలో కాంతమ్మగారి దగ్గర దానికి తయారవ్వాలన్నారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. ముప్పై ఏళ్ళుగా ఢిల్లీలోనే ఉద్యోగం. ఆస్పత్రిలో అందరికీ దీదీ. హిందీలోనో ఇంగ్లీషులోనో అయితే ఎలాగో తట్టుకునేవాణ్ణి. అక్క వయసు మనిషి తెలుగులో మూత్రం సంగతి మాట్లాడుతుంటే చచ్చేంత సిగ్గేసింది.

"ఏటండి బాబూ, అలా తల దించేసుకున్నారు? ఏం దొంగతనం చేసొచ్చారని?" అన్నారు.

మూత్రం మధ్యలో ఆపినట్టు కండరం బిగించి, పది లెక్కపెట్టి వదలడం నేర్పారు. ఆఫీసు బస్సులో, ఫైళ్ళ ముందు, పాల క్యూలో ఎక్కడున్నా అదే పని. సిగరెట్లు మాన్పించారు. పొద్దున్నే గంట నడిపించారు. మాటలు మాత్రం దాచలేదు. "ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు మూత్రం కారతాది. మగతనం కొన్నాళ్ళు రాకపోవచ్చు, అసలే రాకపోవచ్చు. ఏడవాలంటే ఇప్పుడే ఏడ్చేయండి. ఆనక ఓపికుండదు." ఆవిడ ముందు నేను ఏడవలేదు. క్వార్టర్‌కి వెళ్ళి, కుక్కర్ పెట్టి, మూడు విజిళ్ళు వచ్చేదాకా ఏడ్చాను.

ఆవిడదో నియమం ఉండేది. ప్రతి మగాడూ డైపర్లు తనే స్వయంగా కొనుక్కుని, ఆపరేషన్‌కి ముందే ఒక రోజంతా వేసుకుని ఆఫీసుకు వెళ్ళి రావాలి. మునిర్కాలో మందుల షాపుకు వెళ్ళాను. పిల్లాడికి ఎన్నేళ్ళని అడిగాడు కుర్చీలోని ముసలాయన. నాకే అని చెప్పడానికి నోరు రాలేదు. ఏడాదిన్నర అన్నాను. ఆయన ఇచ్చిన ప్యాకెట్టే పట్టుకెళ్ళాను. కాంతమ్మగారు ఒకటి తీసి, విప్పి, నా నడుం దగ్గర పెట్టి చూశారు.

"ఇది మీ మోకాలికి కూడా రాదు బాబూ."

కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. రోగం బయటపడ్డాక నేనూ నవ్వింది ఆరోజే. నవ్వాపుకుని, మళ్ళీ అదే షాపుకు పంపించారు.

ఇక మిగిలింది సుగుణకు చెప్పడం. "ఈ రోగంలో సగం కాపురానిది. ఆవిడకి తెలీకుండా ఎలగ?" అనేవారు కాంతమ్మగారు. సుగుణకు నేను హెర్నియా అని చెప్పాను. ఫోన్ తీసిన ప్రతిసారీ నిజం చెప్పకుండానే పెట్టేసేవాణ్ణి. నన్ను చూసి జాలిపడుతుందని భయం. ఆరో వారం కాంతమ్మగారు మళ్ళీ అడిగారు.

"చెప్పానండీ. స్కూల్లో సెలవు దొరకలేదట" అన్నాను.

"అచ్ఛా," అని నోటుబుక్కులో టిక్కు పెట్టారు. నా ఊపిరిని కూడా కొలిచి చూసిన మనిషి ఈ ఒక్క మాటను కొలవకుండా నమ్మేశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూత్రం గొట్టం తీసిన రోజు పక్క తడిసిపోతే ఆవిడే దుప్పటి మార్చారు. "అమ్మగారు ఎదురుచూస్తుంటారు, ఫోన్ చేసి మాట్లాడుకోండి," అని నా మొబైల్ చేతికిచ్చి తలుపు దగ్గరికి వేసుకుంటూ వెళ్ళబోయారు. నేను ఏ నంబరూ నొక్కలేదు. ఆవిడకు వినబడేలా, "అంతా బాగానే ఉంది సుగుణా, భయపడకు," అన్నాను. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఆవిడ నేర్పిన కసరత్తు పుణ్యమా అని ఎనిమిది నెలలకు డైపర్ల అవసరం తీరింది. రెండోది తిరిగి రాలేదు. సెలవులకు ఇంటికి వెళ్తే నడుంనొప్పి వంకతో హాల్లో పడుకునేవాణ్ణి. అమ్మాయి హాస్టల్లో చేరాక సుగుణ ఢిల్లీ వచ్చేసింది. అప్పుడూ అంతే. ఒక ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా అడిగింది.

"ఇక్కడ మీకెవరైనా ఉన్నారా?"

అప్పుడు చెప్పాను, మొదటినుంచీ. సుగుణ చేతిలోని కాయ ఒలవడం పూర్తిచేసింది. తర్వాత అంది: "రెండేళ్ళనుంచీ నాలో ఏం లోపముందోనని వెతుక్కుంటున్నానండీ."

మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాను. కాంతమ్మగారు రిటైరై ఊరెళ్ళిపోయారన్నారు. చిరునామా ఎవరి దగ్గరా లేదు. ఆ టిక్కు అబద్ధమని ఆవిడకు చెప్పే అవకాశం నాకు రాలేదు.

నా సంగతి తెలిసిన పాత ఆఫీసు వాళ్ళు ఇప్పటికీ ఈ జబ్బున్న వాళ్ళకు నా నంబరిస్తుంటారు. ఆవిడ నేర్పినవన్నీ వాళ్ళకు చెబుతాను. ఒక్క విషయంలో మాత్రం ఆవిడలా చెయ్యను. ఇంట్లో చెప్పారా అని అడిగితే, చెప్పానండీ అంటారు. అయితే ఫోన్ మీ ఆవిడకివ్వండి అంటాను.

మళ్ళీ చేస్తానండీ అని పెట్టేస్తారు.