గోడ మీది సత్తు గ్లాసు

పగ మంచిది కాదని పెద్దలు చెబుతారు. ఆ పెద్దల్లో ఎక్కువమంది ఎవరికో ఒకరికి అన్యాయం చేసి, ఆనక హాయిగా ముసలివాళ్ళయినవాళ్ళే. నాకు మాత్రం పగే అన్నం పెట్టింది. చదువు చెప్పించింది, ఉద్యోగం ఇప్పించింది, మండుటెండల్లో ఎమ్మిగనూరు సందులన్నీ తిప్పింది. కాన్సర్ వచ్చినవాళ్ళ మనసు ఎట్లా ఉంటుందో ఇంటింటికీ వెళ్ళి తెలుసుకోవడం నా పని. జాలితో ఆ పనిలోకి వచ్చాననుకునేవాళ్ళు, ఆ సర్వే నడిపించే మా పెద్దసారుతో సహా, చాలామంది ఉండేవారు. నేను వచ్చింది మా అత్త మీద కోపంతో.

అత్త అంటే మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే ఆదోనిలో మా ఇంటికి వచ్చేసి, వంటింటితో మొదలుపెట్టి ఇంటి పెత్తనమంతా చేతిలోకి తీసుకుంది. నాన్న బడిపంతులు. బడిలో ఆయన బెత్తం పట్టుకుంటే పిల్లలు వణికేవారు. ఇంట్లో అక్క గొంతు వినిపిస్తే ఆయన వణికేవాడు.

డెబ్బైలలో, నేను కాలేజీలో చేరబోయే ఏడాది, ఉగాది వెళ్ళాక అమ్మ రొమ్ములో గడ్డ కనిపించింది. నాన్నకు చెప్పడానికి సిగ్గుపడి అత్తకు చెప్పింది. అత్త గడ్డను తడిమి చూసి, అక్కడికక్కడే ఉరుకుంద ఈరన్న సామికి మొక్కేసింది. శ్రావణంలో ఉరుకుందకు పోయి మొక్కు తీర్చాలి, అంతవరకు ఆసుపత్రి మాట ఎత్తకూడదు.

"మొక్కుకున్నాక, అది తీరకముందే ఒంటి మీద కత్తి పడకూడదు. సామికి కోపమొస్తాది," అంది.

ఆ నియమం ఏ పూజారీ చెప్పింది కాదు. మొక్కుకుని మరుసటి రోజే ఆసుపత్రికి పోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అత్తకు ఆసుపత్రంటే భయం. ఆ భయానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంది.

శ్రావణం దాకా అమ్మ ఆగింది గానీ గడ్డ ఆగలేదు. శ్రావణ సోమవారం నాడు కిక్కిరిసిన ఉరుకుంద బస్సులో, జనం తగలకుండా రొమ్మును చేత్తో కాచుకుంటూ నిలబడింది. తర్వాత కర్నూలుకు తీసుకుపోతే డాక్టరు నాన్నను పక్కకు పిలిచి, ముందే ఎందుకు తీసుకురాలేదని తిట్టాడు. జబ్బు పేరు మాత్రం అమ్మ చెవిన పడకూడదని ఇంట్లో అందరి నోళ్ళూ అత్త కట్టేసింది.

కర్నూలు నుంచి వచ్చిన రోజే అమ్మ గ్లాసు వేరయింది. ఒక పక్క సొట్టపడిన సత్తు గ్లాసు. పెరట్లో అంట్లు తోమే చోట, పిట్టగోడ మీద బోర్లించి ఉండేది. అమ్మకు దాహం వేస్తే ఎవరో ఒకరం చెంబెత్తి పైనుంచి అందులోకి పోయాలి. కంచమూ అంతే, చాపా అంతే. తమ్ముణ్ణి ఆమె పక్కన పడుకోనిచ్చేవారు కాదు. పేరు చెప్పకపోతే ఆమెకు భయం ఉండదట! నోళ్ళు చెప్పకపోయినా ఆ గ్లాసు రోజూ చెబుతూనే ఉంది.

"అంటుకుంటాదంటనా పాపా?" అని ఒకరోజు అమ్మ నన్నడిగింది.

నాకప్పుడు తెలియదు. తెలియదనే చెప్పాను. మాఘమాసంలో అమ్మ పోయింది. నొప్పికి ఏడ్చింది తక్కువ, ఆ గోడ వైపు చూసి ఏడ్చిందే ఎక్కువ.

కాన్సర్ అంటువ్యాధి కాదని తర్వాత కాలేజీ పుస్తకంలో చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. లేచి ఆదోని బస్సెక్కి, అత్తను జుట్టు పట్టుకుని ఆ పేజీ ముందు కూర్చోబెట్టాలనిపించింది. ఆమెకు చదువు రాదు. అందుకని ఆగాను.

ఎనభైలలో సర్వేకు ఏ ప్రాంతం వెళతావని పెద్దసారు అడిగితే ఆదోని, ఎమ్మిగనూరు వైపు అన్నాను. సొంత ఊరి మీద మమకారం అనుకున్నాడు పాపం. ఆయన రాసిచ్చిన ప్రశ్నలు పట్టుకుని తిరిగాను. మనసుకు దిగులుగా ఉంటుందా, బతుకు మీద ఆశ పోయినట్టు అనిపిస్తుందా అని అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు. "ఏమీ లేదమ్మా, బాగుండాము." పక్కన అత్తగారో, మొగుడో, కొడుకో నిలబడి ఉంటే ఇంకేం చెబుతారు?

ఎమ్మిగనూరులో ఒక నేతగాడి ఇంటికి వెళ్ళాను. భార్యకు గర్భసంచి కాన్సర్. మగ్గం గదికి అవతల, వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. అడిగినవాటన్నిటికీ "బాగుండా" అంది. నాకు ఒళ్ళు మండింది. కాగితాలు సంచిలో పడేశాను.

"అమ్మా, ఇంట్లో నీ గలాసు యాడ పెడతారు?"

ఆమె కిటికీ వైపు చూసింది. చువ్వల అవతల ఒక గ్లాసు బోర్లించి ఉంది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"పిల్లోల్లుండే ఇల్లు గదమ్మా," అన్నాడు మొగుడు లోపలి నుంచి.

"నాకు దాహమైతాంది. ఆ గలాసులోనే నీళ్ళియ్యన్నా," అన్నాను.

ఇచ్చేదాకా కదల్లేదు. ఇచ్చాక అతని కళ్ళల్లోకి చూస్తూ గడగడా తాగాను. అప్పుడు బద్దలైంది ఆమె ఏడుపు. నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదని చెప్పింది.

"సచ్చి దయ్యమైతేనన్నా పిల్లోల్లను ముట్టుకోవచ్చు గదా అనుకుంటాండానమ్మా," అంది.

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి. ముందు గ్లాసు ఎక్కడని అడగడం, అదీ వంటింట్లోకి వినపడేటంత గట్టిగా. తర్వాత అందులోనే నీళ్ళు అడిగి తాగడం. పెద్దసారుకు తెలిసి, మన పని అడగడమే తప్ప ఇళ్ళల్లో వేలు పెట్టడం కాదని చీవాట్లు వేశాడు. తల ఊపాను. ఊపి, కోసిగిలో, దేవనకొండలో మళ్ళీ తాగాను. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి మొహం మాడిపోయేది. ఆ మాడిన మొహాల్లో నేను మా అత్తను చూసుకునేదాన్ని.

ఒక వేసవిలో ఆదోని ఇంటికి వెళ్ళాను. నాన్న అప్పటికి లేడు. ఇంట్లో తమ్ముడు, మరదలు, వాళ్ళ చంటివాడు, అత్త. గడప దాటకముందే తమ్ముడు నన్ను పక్కకు లాగాడు.

"అత్తకు దవడ లోపల పుండు లేసింది అక్కా. పన్ను పీకించేకి పిల్సుకోని పోతే డాక్టరు కాన్సరన్నాడు. ఆమెకు సెప్పలేదు. సెప్తే గుండె ఆగిపోతాది."

పొగాకు లేకుండా అత్త ఏనాడూ ఆకువక్క వేసుకోలేదు. నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం దేనికి? తగిన శాస్తి జరిగిందనుకున్నాను. పెరట్లోకి వెళ్ళాను. పిట్టగోడ మీద సత్తు గ్లాసు బోర్లించి ఉంది. ఒక పక్క సొట్ట.

మరదలికి పాత సంగతి తెలియదు. చంటివాడికి అంటుకుంటుందేమోనని, అటక మీది సామాన్లలోంచి ఎవరూ వాడని గ్లాసు దించి అత్తకు వేరుగా పెట్టింది. అది ఎవరిదో అత్తకు మాత్రం మొదటి రోజే తెలిసి ఉంటుంది. నోరెత్తకుండా అందులోనే తాగుతోంది.

నులకమంచం మీద పడుకున్న అత్త నన్ను చూసి లేచి కూర్చుంది. చెంప వాచి ఉంది.

"పన్నునొప్పి పాపా. ఈరన్నకు మొక్కుకున్నా. శ్రావణం రానీ. అంతదాకా ఆసుపత్రికి పోయేది లేదు."

అవే మాటలు. నేను "సరే అత్తా" అంటే చాలు. తమ్ముడు చెప్పొద్దంటున్నాడు, ఆమె పోనంటోంది, శ్రావణం ఇంకా దూరంగా ఉంది. నా చేతికి మట్టి అంటదు. అమ్మకు జరిగిందే ఆమెకూ జరుగుతుంది, అదీ ఆమె మొక్కుతోనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ చచ్చిపోతే ఆమెకు ఏం తెలుస్తుంది? పన్నునొప్పి ముదిరి పోతున్నాననుకుంటుంది. అమ్మకు తను ఏం చేసిందో తెలియకుండానే, దేవుడి పేరు తలుచుకుంటూ పుణ్యాత్మురాలిలా పోతుంది. అది నాకు చాలదు. ఆమె నాకు బతికి కావాలి.

"పన్ను గాదత్తా. కాన్సర్. అమ్మకొచ్చిందే," అన్నాను.

"అక్కా!" అని తమ్ముడు అరిచాడు. అత్త గుండె ఏమీ ఆగలేదు. నోరు తెరుచుకుని నన్నే చూసింది.

"నన్ను సంపేకి వచ్చినావా?"

"సంపను. బతికిస్తా. హైదరాబాదుకు పిల్సుకోని పోయి కరెంటు పెట్టిస్తా. రేపే."

గోడ మీది గ్లాసు తీసి నీళ్ళు పోసి ఇచ్చాను. సగం తాగింది. మిగిలిన సగం నా నోటి దగ్గరికి ఎత్తుకోగానే చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా! అంటుకుంటాది!"

ఆ కంగారు నా కోసమే. అది నాకు నచ్చలేదు, అయినా అదే నిజం. చెయ్యి విదిలించుకుని తాగేశాను.

"అంటుకోదత్తా. ఎవురిదీ అంటుకోదు. అమ్మదీ అంటుకునేది గాదు."

ఆ మాట ఆమెకు ఎక్కడం నా కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళ చదువూ ఆ ఒక్క మాట కోసమే కదా. ఆమె మెల్లగా తల తిప్పి పిట్టగోడ వైపు చూసింది, అమ్మ చూసినట్టే. నేను అనుకున్నంత తియ్యగా లేదు గానీ, తియ్యగానే ఉంది.

హైదరాబాదులో ఆమె పక్కన నేనే ఉన్నాను. కరెంటుకు, అంటే రేడియేషన్‌కు, చెంప నల్లబడింది, ముద్ద మింగుడు పడకుండా పోయింది. మేనకోడలికి ఎంత ప్రేమో అని వార్డులో అందరూ మెచ్చుకునేవారు. నేను కాదనలేదు. దిగులుగా ఉందా అత్తా అని అడిగితే, అందరిలా "బాగుండా" అనేది కాదు. "మీ యమ్మ కనపడతాంది," అనేది.

అత్త బతికింది. ఆదోనికి చేర్చి, గ్లాసులన్నీ కలిపి తోమించి ఒకే అలమరలో పెట్టించాను, సత్తు గ్లాసుతో సహా. ఏది కావాలంటే అది తీసుకోమన్నాను. ఆమె ఆ సత్తు గ్లాసే వెతికి తీసుకునేది.

మరుసటి ఏడాది శ్రావణం వెళ్ళాక సర్వే పని మీద పోతూ అక్కడ ఆగాను. అత్త నన్ను మంచం మీద పక్కన కూర్చోమంది. మాట ముద్దగా వస్తోంది.

"ఒక తూరి మీ యమ్మ అడిగింది పాపా. ఆ పొద్దు పండగ. ఈ ఒక్క దినము గలాసు లోపల పెట్టుకుంటా వదినా అనింది. నేను ఒప్పుకోలేదు."

ఆ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. అత్త నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. "పోనీలే అత్తా, తెలియక చేసినావు" అనే మాట కోసం. రోగి ఏ మాట వినాలనుకుంటోందో కనిపెట్టడమే నా పని, నాకు అర్థం కాక కాదు. ఆ మాట అంటే ఆమెకు ఆ రోజైనా నిద్ర పడుతుందని కూడా తెలుసు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. అలమరలోంచి సత్తు గ్లాసు తీసి, అంచు దాకా మజ్జిగ పోసి తెచ్చి, ఆమె చేతిలో పెట్టాను.

"తాగత్తా. ఎమ్మిగనూరు బస్సు టైమైంది, పోతా," అన్నాను.

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా నన్నే చూస్తోంది. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చాను.