అక్కమ్మ తేనె, వెంకటప్పయ్య గొట్టం

1974 మార్చిలో, డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షల సోమవారం నాడు, ఎగ్జామినర్ చంద్రశేఖరం గారు పరీక్షకని కలిపి ఉంచిన ద్రావణాన్ని ఒక గ్లాసుడు తాగారు.

ఆయనకు కొత్త ఊరి నీళ్ళు పడవు. తిరువూరులో బస్సు దిగింది మొదలు దాహం ఉగ్గబట్టుకుని కాలేజీకి చేరి, లాబొరేటరీ అలమరలో ‘స్వేదనజలం’ అని చీటీ అంటించిన సీసా చూసి, ప్రాణం లేచొచ్చి, అదే పొయ్యమన్నారు. అటెండరు వెంకటప్పయ్య పోశాడు. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకుని, “తియ్యగా ఉన్నాయయ్యా మీ నీళ్ళు” అన్నారు. స్వేదనజలానికి రుచి ఉండదని పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి. అయినా రెండో గ్లాసు అడిగారు.

వెంకటప్పయ్య సీసాలో వేలు ముంచి నాకి చూశాడు. అవి పంచదార నీళ్ళు. శనివారం సాయంత్రం తన చేత్తోనే కలిపి, వేరే సీసా దొరక్క అందులో పోసి, చీటీ మార్చడం మరిచాడు. ఎగ్జామినర్ గారికి తీపి నీళ్ళు పోసినందుకు ఎవరూ ఉరి తియ్యరు. కానీ ఆదివారం నాడు స్వేదనజలమే అనుకుని అదే సీసా సంచిలో వేసుకుని బజారుకు వెళ్ళాడే, వెంకటప్పయ్య భయమంతా అందుకు.

వెంకటప్పయ్య చదివింది ఎనిమిదో తరగతి. పదిహేనేళ్ళుగా బీకర్లు కడుగుతూ విన్న పాఠాలే ఆయన బి.ఎస్సీ. కాలేజీలో పంచదార ద్రావణాలను పరీక్షించే పోలారిమీటరు బల్లంత పొడుగు. దాన్ని చూసి చూసి, ఒక లెక్చరర్ గారు పారేసిన పోలరాయిడ్ కళ్ళద్దాల్లోంచి రెండు బిళ్ళలు కోసి, జానెడు గొట్టానికి రెండు కొసలా బిగించి, జామెట్రీ పెట్టెలోని కోణమానిని ఒకటి అతికించి, సంచిలో పట్టే యంత్రం చేసుకున్నాడు.

“వెలుతురు అన్ని వైపులా ఊగుతూ వస్తుందండీ. మొదటి అద్దం ఒక్క వైపు ఊపునే పోనిస్తుంది. రెండోదాన్ని అడ్డంగా తిప్పామా, చీకటే. మధ్యలో పంచదార నీళ్ళు పోశామనుకోండి, ఆ చీకటి కుడికి జరుగుతుంది. అసలైన తేనె కలిపితే ఎడమకి!” అని వినేవాళ్ళకు చెప్పేవాడు. విననివాళ్ళకూ చెప్పేవాడు.

ఆ ఆదివారం శేషగిరిరావు గారి కిరాణా కొట్టు అరుగు మీద వినేవాళ్ళు బాగానే దొరికారు. నెమలి అనే ఊరి నుంచి తేనె తెచ్చే అక్కమ్మ అప్పుడే తట్ట దించింది. పన్నెండేళ్ళుగా ఊళ్ళో మందులోకి ఆవిడ తేనే.

“ఏదీ, నీ గొట్టంలో పోసి చూడవయ్యా” అన్నాడు శేషగిరిరావు.

“చూడండి బాబూ, నాకేం భయం?” అంది అక్కమ్మ.

వెంకటప్పయ్య సీసాలోంచి నీళ్ళు వంచి, తేనె కలిపి, గొట్టం ఆకాశం కేసి ఎత్తి తిప్పాడు. చీకటి కుడివైపుకు జరిగింది. ఇంకోసారి చూసుకోవాల్సింది. కానీ అంతమంది నోళ్ళు తెరుచుకుని తనకేసి చూడటం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

“పంచదార కలిసింది” అన్నాడు.

అక్కమ్మ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పరీక్ష ముగియగానే వెంకటప్పయ్య అదే అరుగెక్కి, నిన్న కొట్లో మిగిలిన అక్కమ్మ తేనెలో బావి నీళ్ళు కలిపి, అందరి ఎదుటా మళ్ళీ చేశాడు. చీకటి ఎడమకు తిరిగింది. నిన్నటి తప్పు తనదేనని చెప్పాడు.

“నిన్న కుడికి, ఇవాళ ఎడమకీనా? ఎన్ని సీసాలు ముట్టాయేంటి వెంకటప్పయ్యా?” అన్నాడు శేషగిరిరావు. అరుగంతా నవ్వింది. నిన్న గొట్టం ముట్టుకోకుండానే నమ్మినవాళ్ళు, ఇవాళ వంతులవారీగా కన్ను పెట్టి చూసి కూడా నమ్మలేదు.

మర్నాడు నెమలి వెళ్ళాడు. అక్కమ్మ ఒక్కతే ఉంది. సీసా సంగతి, చీటీ సంగతి, ఎగ్జామినర్ సంగతి దాచకుండా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

“కాలేజీలో ఉండేవారు, మీరెందుకు అబద్ధం చెబుతారనుకున్నానయ్యా. నేనైతే కలపలేదు. మరి కలిపిందెవరు? ఇంటికొచ్చి, పట్టు తీసే మా ఆయన ఏసోబుని నిలదీశాను. బిడ్డల మీద ఒట్టెయ్యమన్నాను. వేశాడు. అయినా నమ్మలా. గంపలగూడెం కూలికెళ్ళిపోయాడు. ఇక తేనెపట్టు ముట్టుకోనన్నాడు.”

వెంకటప్పయ్య గంపలగూడెం కూడా వెళ్ళాడు. ఏసోబు విన్నాడు, తలూపాడు, గడ్డపార తీసుకుని పనిలోకి దిగాడు. రెండు నెలలకు ఇంటికొచ్చాడు, మళ్ళీ తేనె తీశాడు. పెళ్ళాంతో మాత్రం అడిగినదానికి ఆ, ఊ అనడమే మిగిలింది. తిరువూరు వాళ్ళు మళ్ళీ ఆ తేనె కొనలేదు. అక్కమ్మ తట్ట విస్సన్నపేట దారి పట్టింది. నెలకు రెండు సీసాలు మాత్రం వెంకటప్పయ్య ఇంటికి వస్తాయి. ఏసోబే తెచ్చి గుమ్మంలో పెడతాడు. మంచినీళ్ళు తాగమన్నా తాగడు.

నాలుగేళ్ళు గడిచాయి. ఒకనాడు సీసాలు సర్దలేక వెంకటప్పయ్య భార్య గోవిందమ్మ ఆయన మీద విరుచుకుపడింది.

“అటక మీద తేనె, గూట్లో తేనె, మంచం కోళ్ళకి చీమలు! ఇన్ని కొంటున్నారు కదా, ఒక్కనాడైనా ఆ గొట్టంలో పోసి మంచిదో కాదో చూశారా?”

“ఆనాడు చూడాల్సింది తేనెని కాదే, నీళ్ళని” అన్నాడు వెంకటప్పయ్య.