దుబాయ్ దాకా వేడిగా

ఆ రోజుల్లో, పెళ్లయిన కొత్తలో, దుబాయ్ నాకు మా అమ్మగారింటికంటే దగ్గరనిపించేది. ఆయన అక్కడ ఏసీ మెకానిక్, నేను యాకుత్‌పురాలో అత్తమ్మతో రెండు గదుల ఇంట్లో. మధ్యలో రెండున్నర వేల కిలోమీటర్లని ఫోన్‌లో చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. విమానంలో నాలుగు గంటలేనని పక్కింటి ఖాలా చెప్పాక ప్రాణం కుదుటపడింది. (ఖాలా ఎన్నడూ విమానం ఎక్కలేదు. కొడుకు కూడా అక్కడే పనిచేస్తాడు కనుక ఆమె మాటే మాకు ప్రమాణం.) "ఫికర్ ఎందుకు బేటీ, ఆదిలాబాద్‌ల మీ అమ్మగారింటికి బస్సుల పోతే గంతకన్న ఎక్కువైతది గదా" అనేది. మరి అంత దగ్గరున్న మనిషి రెండేళ్లకోసారి ఎందుకు వస్తాడో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు ఆయన ఫోన్‌లో "వేడి వేడి బగారన్నం తిని ఎన్ని దినాలైందో" అన్నారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. సెలవు మీద వచ్చిన ఖాలా కొడుకు మరో వారంలో తిరిగి వెళ్తున్నాడు. నాలుగు గంటలు అన్నం వేడి నిలిస్తే చాలు, ఆయన కోరిక తీరుతుంది. ఖాలాకు చెబితే నాకంటే ఆమెకే హుషారెక్కువైంది. ముందుగా పరీక్షకని స్టీలు డబ్బాలో బగారన్నం కూరి, తువ్వాలు చుట్టి, అల్మారాలో బట్టల మధ్య పెట్టాం. ఖాలా గడియారం ముందు కూర్చుంది. "ఇప్పుడు లేచింది" అంది. చాలాసేపటికి "సముద్రం మీదికొచ్చింది" అంది. ఉండబట్టలేక నేను అల్మారా తెరిస్తే కసిరింది: "సముద్రం నడుమ తలుపు తీస్తరా ఎవరన్న?" ఆ విమానం చల్లారిపోయి దిగింది. మర్నాడు పాత రజాయి కత్తిరించి సంచి కుట్టాను. (రజాయి అత్తమ్మది. చలికాలం దాకా ఆమెకు తెలియలేదు.) ఈసారి మూత తీస్తే ఆవిరి వచ్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా పోవడం, అక్కడ గంటలకొద్దీ కూర్చోవడం మా ఇద్దరి లెక్కలోకీ రాలేదు.

డబ్బా వెళ్లింది. మర్నాడు ఫోన్ రాగానే "వేడిగ ఉండెనా?" అని అడిగాను. "మస్తు వేడి. నోరు కాలింది" అన్నారు. గల్లీ అంతా తిరిగి చెప్పుకున్నాను.

మరుసటి సెలవుకు వచ్చిన ఖాలా కొడుకు గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. "మాఫ్ చెయ్యి భాభీ. ఎయిర్‌పోర్ట్‌ల సామాను బరువెక్కువైందన్నరు. అన్నం పారేయ మనసు రాలే, ఆన్నే కూసొని తినేసిన. మస్తు వేడిగుండె. దిగంగనే అన్నకు చెప్పిన."

ఆ సాయంత్రం ఫోన్‌లో ఏడుస్తూ అడిగాను, మరి తిన్నట్టు ఎందుకు చెప్పిన్రని. "నువ్వు గట్ల అడుగుతుంటే, నిజంగనే తిన్నట్టనిపించింది" అన్నారు.

ఇప్పుడు ఆయన ఇక్కడే ఉన్నారు. కంచన్‌బాగ్ దిక్కు సొంతంగా ఏసీ రిపేర్లు చేస్తారు. వంటింటి నుంచి పిలిస్తే వినబడేంత దూరంలో కూర్చుని, అన్నం పెట్టానంటే "వస్తున్న" అంటూ ఫోన్ చూస్తుంటారు. వచ్చేసరికి అన్నం చల్లారుతుంది, అది కూడా నా తప్పే. ఒళ్లు మండుతుంది. అల్మారా ముందు కూర్చుని అన్నాన్ని సముద్రం దాటించిన ఆ వెర్రిపిల్లను తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, దాని మీద కాస్త ఈర్ష్య కూడా. అన్నం మళ్లీ వేడి చేసి తెస్తాను.