సారు వెతికిన తీరాలు

సంతాపసభలో మీరు మైకు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు: "మా సోషల్ సారుకు సముద్రమంటే ప్రాణం." నేను ముందు వరుసలోనే కూర్చున్నాను, చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ మాట తప్పు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా సముద్రంలో కాలు పెట్టగా నేను చూడలేదు. ఈ స్మారక సంచికలో కూడా అదే అచ్చు వేస్తారని తెలిసి ముందుగా రాస్తున్నాను. సారు పనిచేసిన బడిలోనే ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, సారు ఇంటికి గోడ ఆనుకున్న ఇంటిదాన్ని. తప్పు దిద్దే అలవాటు రిటైరైనా పోలేదు.

సారు పోయిన నెల పోయారు. వనపర్తిలో ఎండ నెత్తిన మండుతున్న మధ్యాహ్నం. ఆయన భార్య గోడ మీదుగా తల పెట్టి, ఇంత కూరుందా అని అడిగినంత మామూలుగా, "అక్కా, మీ సారు లేస్తలేడు, జర వస్తవా" అంది. నేను వెళ్లేసరికి వాలుకుర్చీలో ఉన్నారు, కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఆమె అప్పటికే ఆయన చొక్కా పైగుండీ పెట్టేసింది. ఇక దవాఖానకు పరుగెత్తే పని లేదని ఆ గుండీ చూస్తేనే తెలిసింది.

మీలో సగం మంది ఆయన బస్సు ఎక్కినవాళ్లే. ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఒక బస్సు మాట్లాడేవారు. పల్లీ రైతులు, రిటైరైన టీచర్లు, సముద్రాన్ని క్యాలెండరు మీద తప్ప చూడని ముసలమ్మలు. పొద్దున్నే బయల్దేరి నాగర్‌కర్నూల్, మన్ననూర్, నల్లమల, శ్రీశైలం మీదుగా అవతలి కోస్తాకు. పులుల అడవి కదా, వేళ దాటితే గేటు వేస్తారు. అందుకని ఆలస్యంగా వచ్చినవాళ్లను వదిలేసి పోయేవారు. మా ఆయనను ఒకసారి అట్లాగే వదిలేశారు. ఆ యాత్ర నాకు చాలా ప్రశాంతంగా జరిగింది.

"సారూ, ఈసారన్న వైజాగ్ పోదం" అని ఎవరైనా అంటే ఒకటే జవాబు. "పేరున్న బీచ్‌కు పోతే మనుషులు కనబడతరు. పేరు లేనిదానికి పోతే సముద్రం కనబడతది."

అట్లా మాకు పేరు లేనివే తెలిశాయి. వాడరేవు, నిజాంపట్నం, పంటు మీద ఏరు దాటి పోయే ఎదురుమొండి, దాని అవతల నాచుగుంట. బురద కాళ్లను వదలని మంగినపూడి. అన్నిటికన్నా ఎక్కువసార్లు హంసలదీవి. ఊరు దాటాక ఇసుక దారి, ఆ పైన నడక. కృష్ణ అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఇటు నది రంగు, అటు సముద్రం రంగు, నడుమ గీత ఒక్కచోట నిలవదు. దుకాణాలు ఉండవు, నీడ ఉండదు. నీళ్లు, గొడుగు మీరే తీసుకుపోవాలి. పొద్దు వాలకముందే వెనక్కి తిరగాలి.

మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు ఖిల్లా ఘణపూర్ రైతు ఒకాయన నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇన్ని నీళ్లుండి ఒక్క మడి గూడ పారదా? ఎందుకున్నట్టు గివి?"

పక్కనున్న ముసలమ్మ, "చూసేతందుకే బిడ్డా, నీ లెక్కనే" అంది.

సారు ఎంత నవ్వారో. ఆయన అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

రాత్రి దగ్గరి ఊళ్లో పడుకుని తెల్లవారి మళ్లీ ఒడ్డుకు వచ్చేవాళ్లం. మేము చాయ్ కోసం కొట్లాడుతుంటే ఆయన ఒక్కరే కర్ర పట్టుకుని, అల తెచ్చి పడేసిన చెత్త వెంబడి నడిచేవారు. తెగిన వలలు, కొబ్బరి పీచు, సీసాలు. చెప్పు కనబడితే ఆగేవారు. కర్రతో తిప్పి చూసేవారు. మళ్లీ నడిచేవారు. ఆడవాళ్ల చెప్పుల దగ్గర, పిల్లల చెప్పుల దగ్గర ఆగేవారు కాదు.

"ఏంది సారూ, చెప్పుల దుకాణం పెడతరా?" అని ఒకసారి అడిగాను.

"పెడత మేడం. మీ నోటికి సరిపోయే జత దొరకనియ్యుండ్రి."

ఒక ఏడు అందరూ పట్టుబట్టి కాకినాడ దిక్కు కోరంగి మడ అడవులకు పోదామన్నారు. ఆ చోటు బాగుంటుంది, మీ పిల్లలను తీసుకుపోండి. బురద మీద కొయ్య వంతెన, రెండు పక్కలా వేళ్లు పైకి లేపి ఊపిరి తీసుకునే చెట్లు. మన్ననూర్ అడవిలో వాచర్‌గా చేసిన మనిషి ఒకడు మాతో వచ్చాడు. "గీ అడవి తలకిందులున్నది" అని అక్కడే నిలబడిపోయాడు. సారు మాత్రం బస్సు దిగలేదు.

"రాండ్రి సారూ" అన్నాను.

"ఇవి గోదారి నీళ్లు మేడం. నాకు గీడ పని లేదు."

ఆ కొయ్య వంతెన మీదే ఆయన భార్య నాకు సంగతి చెప్పింది. సారుది గద్వాల దిక్కు కృష్ణ ఒడ్డు పల్లె. ఒక తమ్ముడు ఉండేవాడు, పెళ్లి కానివాడు. వానకాలంలో ఒకనాడు పని మీద అవతలి ఒడ్డుకు పోవాల్సి వచ్చింది. ఏరు పొంగి తగ్గుతున్నది. "పోవచ్చా అన్నా?" అని అడిగాడట. సారు ఒడ్డున రాయి మీద తడి గుర్తు చూసి, "తగ్గినయ్, పో" అన్నారు. చదువుకున్న అన్న చెప్పినంక ఎవరు ఆగుతారు? గుండ్రటి బుట్ట పడవ, పుట్టి ఎక్కాడు. పుట్టి దొరికింది. దాన్ని నడిపిన మనిషి ఈదుకుని ఒడ్డుకొచ్చాడు. తమ్ముడు దొరకలేదు.

"తమ్ముని పేరు మీద పిట్టకు కూడు పెడదామని పెద్దోళ్లంటే పెట్టనియ్యలే అక్కా. పెడితే పోయినట్టే గద అన్నడు. ఇరవై ఏండ్లు దాటింది, ఇంక గూడ పెట్టనిస్తలేడు. కృష్ణ నీళ్లు ఏడ తేల్తయో ఆడికే పోతడు."

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇది రాయడం దానికోసమే, మిగతాది మీరు ఎట్లాగూ రాస్తారు.

రెండేళ్ల కింద బస్సు శ్రీశైలం ఆనకట్ట దగ్గర ఆగింది. గేట్లన్నీ మూసి ఉన్నాయి, కింద బండలు తేలి ఉన్నాయి. సారు కిటికీలోంచి వాటినే చూస్తున్నారు. ఆ పొద్దున నాకు మోకాళ్ల నొప్పి. ఇది సాకు కాదు, వివరం.

"సారూ, ఏండ్లకేండ్లు పిల్లలతో గీ నది మీద డ్యాములన్నీ గీయించిండ్రు. శ్రీశైలం, సాగరు, పులిచింతల, బెజవాడ బ్యారేజీ. గివన్ని దాటి మనిషి సముద్రానికి చేరుతడా?"

ఆయన నా వైపు తిరగలేదు. "పిల్లలకు చెప్పింది పరీక్షకు మేడం" అన్నారు. కిటికీ అద్దం మూస్తూ, "నాకు తెల్వదా?" అన్నారు.

మరునాటి పొద్దున హంసలదీవిలో ఆయన నడవలేదు. కర్ర బస్సులోనే ఉంది. ఇసుకలో కూర్చుని మా సంచులకు కావలి కాశారు. పోయిన ఎండాకాలం అసలు బస్సే మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే "ఎండలెక్కువున్నయ్" అనేవారు. పాలమూరులో పుట్టిన మనిషి ఎండకు జంకాడంటే మీరు నమ్మారు. నేను నమ్మలేదు, కానీ నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సింది ఆనకట్ట దగ్గర.

ఆ ఆనకట్టల సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తెలిసినదాన్ని ఏడాదికి ఒక్క పొద్దున పక్కన పెట్టేవారు, అంతే. ఆ ఒక్క పొద్దునా నేను తీసేసుకున్నాను. ఇప్పుడు తెల్లవారుజామున గోడ అవతల కర్ర చప్పుడు వినబడుతుంది. లేచి చూస్తే వాకిలి ఖాళీగా ఉంటుంది. మరునాడు మళ్లీ వినబడుతుంది. మళ్లీ లేస్తాను.

మూడోనాడు సారుకు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. జొన్నరొట్టె, పల్లీల తొక్కు, పప్పు పెట్టాం. కాకి రాలేదు. "చాయ్ పెట్టుండ్రి" అన్నారొకరు. పెట్టాం. "ఇండియా మ్యాపు పెడితే వస్తదేమో" అన్నాడు మీలోనే ఒక తెలివిగలవాడు. నేను చూసిన చూపుకు వాడు జనం వెనక్కి పోయాడు. చివరికి ఒక కుక్క వచ్చింది గానీ పెద్దమనుషులు దాన్ని ఒప్పుకోలేదు.

అప్పుడు సారు భార్య దగ్గరికి పోయి, ఆనకట్ట దగ్గర ఆయనను ఏమన్నానో చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"విన్న అక్కా. నేను వెనక సీట్లనే ఉంటి" అంది. "ఇన్నేండ్లు అదే మాట నా నోట్ల గూడ ఉండె. నువ్వన్నవ్, నేననలే. గంతే."

ఇంట్లోకి పోయి ఇంకొక విస్తరి తెచ్చింది. మొదటిదాని పక్కన పరిచి, రొట్టె విరిచి పెట్టింది. తమ్ముడికి. ఎండలో చాలాసేపు నిలబడ్డాం. కాకి దానికీ రాలేదు.

"వాళ్లు ఈడ లేరు" అంది ఆమె, డబ్బాలో ఉప్పు లేదన్నట్టు. "లేనికాడ పెడితే ఎట్ల తింటరు? కృష్ణ కలిసేకాడ పెడదం."

అస్థికలు ఇక్కడే బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపేయండని పెద్దలు చెప్పి చూశారు. ఆమె వినలేదు. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్నే వనపర్తి నుంచి హంసలదీవికి బస్సు పోతుంది. ఈసారి నేనే మాట్లాడాను. ఆలస్యమైతే నేను కూడా వదిలేసే పోతాను.

ఒక పని ఉంది. సముద్రం దిక్కు విస్తర్లు అడిగితే థర్మాకోల్ ప్లేట్లు చేతిలో పెడతారు. బల్మూరు నుంచి వచ్చేవాళ్లు ముందురోజు మోదుగాకు విస్తర్లు రెండు కుట్టించండి. పచ్చి ఆకువే కావాలి, ఎండినవి ఆ గాలికి ఆగవు. రెండూ ఒకే కొలత ఉండాలి, అన్నది పెద్దది తమ్ముడిది చిన్నది వద్దు. పుల్లలు దగ్గర దగ్గరగా గుచ్చమనండి. అలకు అందకుండా, కాకులకు కనబడేటట్టు ఇసుకలో పక్కపక్కన పరుస్తాం. పరిచి, అందరం వెనక్కి జరిగి, ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. నేను కూడా. విస్తర్లను తడిగుడ్డలో చుట్టి తెండి, దారిలో అంచులు ఎండకుండా.